హైడ్రోపోనిక్స్ సాగులో ఇ.సి. మీటరు: వాడకం, సంరక్షణ

మట్టి లేకుండా పోషక ద్రావణంలో పంట పండించే రైతుకు ఇ.సి. మీటరు తప్పనిసరి. నేలలో ఎరువు కాస్త ఎక్కువైనా మట్టి కొంత తట్టుకుంటుంది. నీటిలో ఆ వెసులుబాటు ఉండదు, తేడా నేరుగా వేర్లకు తగులుతుంది.

ఒక పాలీహౌస్‌లో లెట్యూస్ ఆకుల అంచులు మాడుతున్నాయంటే చూడటానికి వెళ్ళాను. మీటరు 1.4 చూపిస్తోంది. తక్కువగా ఉందని రైతు రోజూ ద్రావణం కలుపుతున్నారు. వేరే మీటరుతో కొలిస్తే 2.6 వచ్చింది. మీటరు ఎలక్ట్రోడ్లపై తెల్లటి ఉప్పు పొర పేరుకుపోయి, ఉన్నదానికన్నా తక్కువ చూపింది. మీటరు శుభ్రం చేయకపోవడం వల్ల ఒక కాపు పోయింది.

ఇ.సి. అంటే ఏమిటి?

నీటిలో కరిగిన లవణాలు ఎక్కువయ్యే కొద్దీ విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. ఈ విద్యుత్ వాహకతనే ఇ.సి. అంటారు. 1 డెసీ సైమన్/మీటరు, 1 మిల్లీ సైమన్/సెం.మీ., 1000 మైక్రో సైమన్లు/సెం.మీ. మూడూ ఒకటే. కొన్ని మీటర్లు పి.పి.యం.లో చూపుతాయి. ఒకే ఇ.సి.ని ఒక మీటరు 500తో, మరొకటి 700తో గుణించి చూపవచ్చు. అందుకే ఇ.సి.లోనే లెక్క రాసుకోవడం మేలు.

మీటరు మొత్తం లవణాలనే చెబుతుంది, ఏ పోషకం ఎంత ఉందో చెప్పదు. బోరు నీటిలోని సోడియం, క్లోరైడ్ కూడా అంకెలో కలుస్తాయి. యూరియా కరిగినా ఇ.సి. దాదాపు పెరగదు.

పంటకు తగిన ఇ.సి. (సుమారుగా)

• లెట్యూస్: 1.2–1.8
• పాలకూర: 1.8–2.3
• కీర: 1.7–2.5
• టమాట: 2.0–3.5

నారు దశలో ఇంతకన్నా తక్కువ ఉంచాలి. ఎండాకాలంలో మొక్క నీరు ఎక్కువ తాగుతుంది కాబట్టి తక్కువ వైపు అంకె పాటించాలి.

కొలిచే పద్ధతి

1. ముందుగా ఉత్త నీటి ఇ.సి. కొలిచి రాసుకోండి.
2. ఎ, బి ద్రావణాలను చిక్కగా ఉన్నప్పుడు ఒకదానితో ఒకటి కలపకండి. కాల్షియం గడ్డకట్టి అడుగుకు చేరుతుంది. ఒకటి ట్యాంకులో పోసి బాగా కలిపాకే రెండోది పోయాలి.
3. 15–20 నిమిషాలు పంపు తిప్పాక, శుభ్రమైన గ్లాసులోకి ద్రావణం తీసుకుని కొలవండి.
4. మీటరును గీత వరకే ముంచి, మెల్లగా కదిపి గాలి బుడగలు పోగొట్టి, అంకె నిలిచాక చూడండి.
5. ఇ.సి. సరిచేశాకే పి.హెచ్. సరిచేయండి.

వేడి 1 డిగ్రీ పెరిగితే ఇ.సి. సుమారు 2 శాతం ఎక్కువ చూపుతుంది. ఉష్ణోగ్రతను తనంతట తాను సవరించుకునే మీటరే కొనండి. ఆ సదుపాయం లేకపోతే 35 డిగ్రీల ద్రావణంలో 1.8 ఉండాల్సింది సుమారు 2.2 కనిపిస్తుంది. అది చూసి నీళ్ళు పోస్తే మొక్క ఆకలితో ఉంటుంది.

అంకెను ఎలా అర్థం చేసుకోవాలి?

• నీటి మట్టం తగ్గి ఇ.సి. పెరిగితే: మొక్క నీరే ఎక్కువ తాగింది. ఉత్త నీరు కలపాలి.
• ఇ.సి. తగ్గితే: పోషకాలు ఎక్కువ తీసుకుంది. ఎ, బి ద్రావణాలు సమానంగా కలపాలి.
• మట్టం తగ్గినా ఇ.సి. మారకపోతే: అదే ఇ.సి. ఉన్న ద్రావణంతో నింపాలి.

ఉదాహరణకు 200 లీటర్ల ద్రావణం ఇ.సి. 2.4 ఉంది, 1.8 కావాలి, నీటి ఇ.సి. 0.6 అయితే 100 లీటర్ల నీరు కలపాలి.

సంరక్షణ

• ప్రతిసారీ వాడాక డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, దులిపి ఆరనివ్వండి. ఎలక్ట్రోడ్లను గుడ్డతో రుద్దకండి, గోటితో గీకకండి.
• తెల్లటి పొర ఉంటే 5–10 నిమిషాలు వెనిగర్‌లో నానబెట్టి బాగా కడగండి. ఆ తర్వాత క్యాలిబ్రేషన్ చేయండి.
• ఇ.సి. మీటరును పొడిగా దాచవచ్చు. పి.హెచ్. కూడా కొలిచే మీటరైతే, తయారీదారు చెప్పిన ద్రావణంలో మొన తడిగా ఉంచాలి. లేకపోతే పి.హెచ్. భాగం పాడవుతుంది.
• ఎక్కువ కాలం వాడకపోతే బ్యాటరీలు తీసేయండి.

క్యాలిబ్రేషన్

నెలకోసారి, లేదా అంకెపై అనుమానం వచ్చినప్పుడు చేయండి. 25 డిగ్రీల వద్ద 1413 మైక్రో సైమన్లు చూపే ప్రామాణిక ద్రావణాన్ని చిన్న గ్లాసులో పోసి, మీటరు అంకె 1.41కి సరిచేయండి. మీటరును సీసాలో ముంచకండి, వాడిన ద్రావణాన్ని తిరిగి సీసాలో పోయకండి. శుభ్రం చేశాక కూడా అంకె సరికాకపోతే మీటరు మార్చాల్సిందే.

రోజూ ఒకే సమయానికి ఇ.సి., పి.హెచ్., నీటి మట్టం నోటు పుస్తకంలో రాయండి. ఆకు రంగు మారే లోపే తేడా ఆ పుస్తకంలో కనిపిస్తుంది.