మలయాళ పాఠకుల జ్ఞాపకంలో ‘మాతృభూమి’ వారపత్రిక

1923లో కోళిక్కోడ్ నుంచి పత్రికగా వెలువడిన ‘మాతృభూమి’, 1932లో వారపత్రికను ప్రారంభించింది. ఆధునిక మలయాళ రచయితల తొలి పఠనానుభవాల్లో దీని ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. అయితే ఆ జ్ఞాపకం పత్రిక చరిత్ర అంతటినీ సమానంగా స్పృశించదు. ఎన్.వి. కృష్ణవారియర్, ఆ తరువాత ఎం.టి. వాసుదేవన్ నాయర్ సంపాదకత్వం వహించిన దశాబ్దాల చుట్టూనే ప్రధానంగా తిరుగుతుంది.

ఇందుకు కారణం రచనల నాణ్యత ఒక్కటే కాదు, వాటిని చదివిన పద్ధతి కూడా. జి. అరవిందన్ వ్యంగ్యచిత్ర ధారావాహిక ‘చెఱియ మనుష్యరుం వలియ లోకవుం’ (చిన్న మనుషులు, పెద్ద లోకం) 1961 నుంచి 1973 వరకు చివరి పుటలో వచ్చింది. అందులోని రాము నిరుద్యోగి అయిన మధ్యతరగతి యువకుడు. సాధారణంగా వ్యంగ్యచిత్రాల్లోని పాత్రలకు వయసు పెరగదు, రాముకు పెరిగింది. అతని ఆదర్శాలు క్రమంగా సడలడాన్ని పాఠకులు తమ వయసుతోపాటు, వారం వారం గమనించారు. ఒ.వి. విజయన్ ‘ఖసాక్కింటె ఇతిహాసం’ 1968లో ఈ పత్రికలోనే ధారావాహికగా వచ్చి, మరుసటి ఏడాది పుస్తకమైంది. పుస్తకంగా చదివినవారికి నవల దక్కింది గాని, సంచికకూ సంచికకూ మధ్య నిరీక్షణ దక్కలేదు. బాలల శీర్షికను ‘కుట్టేట్టన్’ పేరుతో నిర్వహించిన కవి కుంజుణ్ణి, పిల్లల రచనలను దిద్ది ప్రోత్సహించారు. ఆ పిల్లల్లో కొందరు తరువాత రచయితలయ్యారు. కనుక ఈ జ్ఞాపకాన్ని రాసిపెట్టినవారిలో పత్రిక తీర్చిదిద్దినవారూ ఉన్నారు.

ఇక్కడే చరిత్రకారుడు జాగ్రత్త వహించాలి. అదే కాలంలో కోట్టయం కేంద్రంగా ‘మలయాళ మనోరమ’ వారపత్రిక, 1969లో మొదలైన ‘మంగళం’ విస్తృత పాఠకలోకాన్ని సంపాదించుకున్నాయి. టామ్స్ గీసిన ‘బోబనుం మోళియుం’ కోసం మనోరమను చివరి పుట నుంచి చదవడం ఇంటింటా అలవాటు. ఈ పత్రికల ప్రేమకథా ధారావాహికలను విమర్శకులు ‘పైంకిళి’ సాహిత్యమని చిన్నచూపు చూశారు. ముట్టత్తు వర్కి నవల ‘పాడాత్త పైంకిళి’ పేరు నుంచి వచ్చిన మాట అది. వాటిని ఆదరించినవారిలో స్త్రీలు అధికం. పనుల నడుమ చదివి, పక్కింటివారికి అందించిన ఆ పాఠకురాళ్లలో ఆత్మకథలు రాసినవారు అరుదు. తెలుగులోనూ వారపత్రికల సీరియళ్లను చింపి బైండు చేయించుకున్న గృహిణుల పఠనం సాహిత్యచరిత్రలోకి అంతంతమాత్రంగానే ప్రవేశించింది.

అందువల్ల ‘మాతృభూమి’పై బెంగను కేరళ పాఠకులందరి బెంగగా తీసుకోవడం సరికాదు. మిగిలినవారి పఠనచరిత్రకు ఆధారాలు గ్రామ గ్రంథాలయాల అరల్లోను, చేతులు మారి నలిగిన పాత సంచికల్లోను వెతకవలసి ఉంది. చౌక కాగితంపై అచ్చయిన ఆ సంచికలు ఎక్కువకాలం నిలవవు.