బీజీఎంఐ గన్స్.. అసలువి ఎలా ఉంటాయ్? ఏకేఎమ్, ఎమ్416, ఏడబ్ల్యూఎమ్‌లలో ఏది నిజం.. ఏది కల్పన?

ఎయిర్‌డ్రాప్‌లో ఏడబ్ల్యూఎమ్ దొరికితే స్క్వాడ్ మొత్తం కేకలే. ఏకేఎమ్ చేతిలో ఉంటే దగ్గర ఫైట్‌లో ధైర్యం. ఎమ్416కు అటాచ్‌మెంట్లన్నీ పడితే ఇక ఆగేదే లేదు. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌పై కేంద్రం నిషేధం పెట్టినా.. 2021 జులైలో బీజీఎంఐ వచ్చాక ఈ పేర్లు మళ్లీ కుర్రాళ్ల నోళ్లలో నానుతున్నాయి. ఇవేవీ ఊహించి పెట్టిన పేర్లు కావు. గేమ్‌లోని దాదాపు ప్రతి గన్‌కూ బయట ఒక అసలుది ఉంది. మరి గేమ్‌లోది దానికి ఎంత దగ్గర? ఆకారంలో, తూటా ప్రయాణంలో చాలా దగ్గర. తూటా తగిలాక ఏమవుతుందన్న విషయంలో మాత్రం ఆమడ దూరం.

ఏకేఎమ్: ఆ కుదుపు నిజమే

ఏకేఎమ్ అంటే ఏకే-47కు మెరుగుపరిచిన రూపం. సోవియట్ సైన్యం 1959లో దీన్ని తీసుకుంది. ఏకే-47 బాడీని ఉక్కు దిమ్మ నుంచి చెక్కేవారు. ఏకేఎమ్‌కు ఉక్కు రేకును ప్రెస్‌లో వంచి చేశారు. దాంతో బరువు తగ్గింది, తయారీ తేలికైంది. ఖాళీ గన్ సుమారు 3.1 కిలోలు. వాడేది 7.62 ఎంఎం తూటా.. గేమ్‌లోనూ అంతే. సెకనుకు దాదాపు 715 మీటర్ల వేగంతో అది బయటికొస్తుంది. నిమిషానికి 600 తూటాల లెక్కన కాలుస్తుంది. అంటే ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే 30 తూటాల మ్యాగజైన్ 3 సెకన్లలో ఖాళీ!

గేమ్‌లో ఏకేఎమ్ పైకి ఎగురుతుందని తిట్టుకునేవాళ్లు ఎక్కువే. కానీ అది కల్పన కాదు. అసలు గన్ బ్యారెల్ చివర ఏటవాలుగా కోసినట్టు ఓ చిన్న ముక్క ఉంటుంది. చాలామంది అది అందం కోసం అనుకుంటారు. కాల్చినప్పుడు గన్ పైకి, కుడికి లేవకుండా గ్యాస్‌ను ఎదురు దిశలో తన్నించడానికే అది. మన సైన్యం కోసం ఉత్తరప్రదేశ్ అమేథీ జిల్లా కోర్వాలో తయారవుతున్న ఏకే-203 కూడా ఈ కుటుంబానిదే. తూటా కూడా అదే. 6 లక్షలకు పైగా రైఫిళ్ల కోసం 2021లో రష్యాతో ఒప్పందం కుదిరింది.

ఎమ్416: అసలు పేరు వేరు

బయట ఎమ్416 అనే పేరుతో గన్ లేదు. అది జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కోక్ తయారుచేసే హెచ్‌కే416. అమెరికా రైఫిళ్లు ఎమ్4, ఎమ్16.. ఈ రెండింటి అంకెలు కలిపితే వచ్చిందే 416. ముందు హెచ్‌కే ఎమ్4 అని పెట్టాలనుకున్నారు. ఎమ్4 తయారుచేసే కోల్ట్ కంపెనీ ఊరుకోలేదు, పేరు మారింది. 2016లో ఫ్రాన్స్ సైన్యం తన పాత ఫామాస్ రైఫిల్‌ను పక్కనపెట్టి దీన్నే ఎంచుకుంది. 5.56 ఎంఎం తూటా చిన్నది, కుదుపు తక్కువ. గేమ్‌లో ఎమ్416 అదుపులో ఉండటానికి కారణం ఇదే కాబట్టి ఇక్కడ మార్కులు వేయాల్సిందే.

కార్98కే దగ్గర మాత్రం గేమ్ చిన్న మాయ చేసింది. జర్మనీ సైన్యం 1935లో తెచ్చిన ఈ బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ది 7.92 ఎంఎం తూటా. గేమ్‌లో 7.62 వేసుకోవాలి. ఒక్కో గన్‌కు ఒక్కో రకం తూటా పెడితే బ్యాగ్ సర్దుకోవడానికే ఆట అయిపోతుంది మరి! ఇంకో సంగతి.. రెండో ప్రపంచయుద్ధంలో ఎక్కువమంది సైనికులకు ఈ గన్ స్కోప్ లేకుండానే ఇచ్చారు.

ఏడబ్ల్యూఎమ్: 2,475 మీటర్ల దూరం నుంచి

ఇది బ్రిటన్ కంపెనీ ఆక్యురసీ ఇంటర్నేషనల్ తయారీ. పూర్తి పేరు ఆర్కిటిక్ వార్‌ఫేర్ మాగ్నమ్. గేమ్‌లో .300 మాగ్నమ్ తూటా వాడుతుంది, బయట ఆ రకం కూడా ఉంది. కానీ దీనికి పేరు తెచ్చింది .338 లపువా మాగ్నమ్. 2009 నవంబర్‌లో అఫ్గానిస్థాన్ హెల్మండ్‌లో బ్రిటన్ స్నైపర్ క్రెయిగ్ హారిసన్ ఈ కుటుంబానికి చెందిన ఎల్115ఏ3 రైఫిల్‌తో 2,475 మీటర్ల దూరంలోని లక్ష్యాలను కొట్టాడు. అంత దూరం చేరడానికి తూటాకు కొన్ని సెకన్లు పడుతుంది. ఈలోపు గాలి పక్కకు నెడుతుంది, భూమి కిందికి లాగుతుంది. గేమ్‌లో తూటా కిందికి జారడం ఉంది, గాలి గొడవ లేదు. అసలు స్నైపర్‌కు సగం పని ఆ గాలి లెక్కే.

బరువు మాటేంటి? ఏడబ్ల్యూఎమ్ సుమారు 6.5 కిలోలు, ఏకేఎమ్ 3.1. ఇక 200 ఏకే తూటాలు 3 కిలోల పైమాటే. అంతా కలిపితే 13 కిలోలకు దగ్గర. ఇంట్లోకి వచ్చే గ్యాస్ బండలో ఉండే గ్యాస్ 14.2 కిలోలు. ఇంచుమించు అంత బరువు మోస్తూ కొండలెక్కి, గోడలు దూకే పని గేమ్‌లో హీరో చేస్తుంటాడు. పైగా వెస్ట్, హెల్మెట్ అదనం.

సైలెన్సర్ పెడితే చప్పుడు రాదా?

సినిమాలు, గేమ్‌లు కలిసి బాగా ముదిరించిన అపోహ ఇది. సైలెన్సర్ లేని రైఫిల్ పేలితే చప్పుడు 160 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. సప్రెసర్ బిగిస్తే తగ్గేది 20 నుంచి 35 డెసిబెల్స్. అంటే ఇంకా 130 దాకా మిగిలినట్టే. పెళ్లి ఊరేగింపులో డీజే బాక్స్ పక్కన నిలబడ్డా అంత ఉండదు. ఇంకో చిక్కు ఉంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఏకేఎమ్ తూటా దానికి రెట్టింపు వేగం. గాలిని చీల్చుకుంటూ వెళ్లేటప్పుడు ఆ తూటాయే ‘టప్’మని పగిలినట్టు మోగుతుంది. దాన్ని ఏ సప్రెసర్ ఆపలేదు. అది చేసేదల్లా గన్ ఎక్కడి నుంచి పేలిందో చప్పున తెలియకుండా చేయడం.

లెవెల్ 3 వెస్ట్, 8 సెకన్ల మెడ్‌కిట్

గేమ్‌లో లెవెల్ 3 వెస్ట్ తూటా దెబ్బను 55 శాతం తగ్గిస్తుంది. నిజమైన వెస్ట్‌కు ఇలాంటి శాతాల లెక్క ఉండదు. ఆపితే ఆపుతుంది, లేదంటే దూసుకుపోతుంది. బట్టలా మెత్తగా ఉండే వెస్ట్‌లు పిస్టల్ తూటాల వరకే. రైఫిల్ తూటాను ఆపాలంటే లోపల సిరామిక్ లేదా ఉక్కు పలకలు ఉండాల్సిందే. పలక ఆపినా ఆ దెబ్బకు పక్కటెముక విరగొచ్చు. ఇక వీపున వేలాడే పెనం.. గేమ్‌లో ఏ తూటానైనా తిప్పికొడుతుంది. అసలు వంటింటి పెనం రైఫిల్ తూటా ముందు నిలబడదు. పోత ఇనుముదైతే ముక్కలే.

తూటా తగిలాక మెడ్‌కిట్‌తో 8 సెకన్లలో హెల్త్ ఫుల్. బీజీఎంఐలో రక్తం కూడా ఆకుపచ్చగా పెట్టారు. నిజంగా రైఫిల్ తూటా ఒంట్లోకి వెళ్తే అది చేసేది సన్నటి రంధ్రం కాదు. దాని వేగానికి చుట్టూ ఉన్న కండ ఒక్కసారిగా ఉబ్బి చిరుగుతుంది. తొడలో పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ సమయంలో పనికొచ్చేది ఎనర్జీ డ్రింక్ కాదు.. గాయాన్ని గట్టిగా అదిమి పట్టి, 108కి ఫోన్ చేయడం.

చేతిలో పట్టుకుంటే కేసు ఎలా ఉంటుందంటే..

ఏకేఎమ్, హెచ్‌కే416 లాంటి ఆటోమేటిక్ గన్లు మన దగ్గర ఆయుధాల చట్టం ప్రకారం నిషేధిత ఆయుధాలు. మామూలు లైసెన్స్‌తో రావు. 2019లో సవరించిన ఈ చట్టం ప్రకారం అనుమతి లేకుండా నిషేధిత ఆయుధం దగ్గర పెట్టుకుంటే 7 నుంచి 14 ఏళ్ల జైలు. లైసెన్స్ ఉన్న మామూలు తుపాకీ అయినా పెళ్లి బరాత్‌లో సరదాకి గాల్లోకి నిర్లక్ష్యంగా కాల్చి జనం ప్రాణాలకు ముప్పు తెస్తే 2 ఏళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ పడతాయి.