చిరునామాలు చేజారిన కథ

1978 మే 3న, పిలవని పేరంటంలా ఒకే ఈమెయిల్ వందల మంది మీద పడింది. ఆ కథ చెప్పే ముందు మన గోదావరి గట్టున కాసేపు ఆగుదాం.

1860 తర్వాత చాలాకాలం ఇవతల బూర్గంపాడు నిజాం ఏలుబడిలో, అవతల భద్రాచలం ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉండేవి. నిజాం సర్కారు 1869లోనే సొంత స్టాంపు తెచ్చింది. అలా నదికి అటొక తపాలా, ఇటొక తపాలా. 1950లో నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. ఆ తపాలాలోనే వచ్చిన, ఇన్ని కార్డులు రాసి పంపకపోతే కీడు జరుగుతుందని బెదిరించే గొలుసు ఉత్తరాలు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అవి రాసేవాడికి బంధువుల, స్నేహితుల ఊరూ పేరూ తెలిసి ఉండాలి, కార్డుకు డబ్బు పెట్టాలి. అందుకే ఆ బెడద ఎంత పెరిగినా ఓ హద్దులో ఉండేది.

ఆ హద్దు ఎలా చెరిగిందో 1978 నాటి ఘటన చెబుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ కంపెనీ ఉండేది. అందులో మార్కెటింగ్ చూసే గ్యారీ థ్యూర్క్, కొత్త యంత్రాల ప్రదర్శనకు పశ్చిమ తీరంలోని వాళ్లందరినీ పిలవాలనుకున్నాడు. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్‌లో ఉన్నవాళ్ల పేర్లూ చిరునామాలూ అప్పట్లో అచ్చు పుస్తకంగా వచ్చేవి. పరిశోధకులు ఒకరినొకరు పలకరించుకోవడానికి వేసుకున్న పుస్తకమది. దాన్ని ముందేసుకుని సుమారు 400 చిరునామాలు ఒక్కొక్కటిగా టైపు చేయించాడు. మెయిల్ పంపే ప్రోగ్రాం అన్ని పేర్లను మోయలేకపోయింది. మిగిలినవన్నీ ఉత్తరం మధ్యలోకి వచ్చిపడ్డాయి. ఫిర్యాదులు వెల్లువెత్తాయి, అమెరికా రక్షణశాఖ అధికారులు మందలించారు. అయినా దానివల్ల కోటి డాలర్లకు పైగా అమ్మకాలు జరిగాయని థ్యూర్క్ తర్వాత చెప్పుకున్నాడు. అక్కడ ఏ తాళమూ పగలలేదు. నమ్మకంతో రాసి పెట్టుకున్న జాబితాను మరో పనికి వాడుకున్నారు, అంతే. ఆ తర్వాతి దొంగతనాల్లో చాలావాటి బీజం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

తర్వాతి కాలంలో చిరునామాలు చేజారే దారులు ఎన్నో. వెబ్ పేజీలు జల్లెడపట్టి చిరునామాలు ఏరే ప్రోగ్రాములు వచ్చాయి. పేర్ల ముందూ వెనకా అంకెలు చేర్చి ఊహించి పంపడం మొదలైంది. మెయిల్‌లో కంటికి కనిపించని బొమ్మ పెట్టి, తెరిచారో లేదో కనిపెట్టడం వచ్చింది. 2019 జనవరిలో ఒకే మూటలో 77 కోట్లకు పైగా ఈమెయిల్ చిరునామాలు బయటపడ్డాయి. అవన్నీ అంతకుముందు ఎక్కడెక్కడో చోరీ అయి పోగైనవే.

మన దగ్గర ఇలాంటి వివరాలు అమ్మే సంత ఎంత పెద్దదో 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు బయటపెట్టారు. 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్నారంటూ ఏడుగురిని అరెస్టు చేశారు. అందులో రెండున్నర లక్షల మంది రక్షణశాఖ సిబ్బంది ఈమెయిల్ ఐడీలు, హోదాలు, పనిచేసే చోట్లు కూడా ఉన్నాయని చెప్పారు. ఏప్రిల్ మొదట్లో ఫరీదాబాద్‌కు చెందిన మరొకరిని పట్టుకుని, 24 రాష్ట్రాల్లో 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు అతని దగ్గర దొరికాయన్నారు.

ఇక మన భద్రాచలం దగ్గరి చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచు పల్లెల పిల్లల సంగతి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్ల ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేయాలంటే నెట్ సెంటర్‌కే వెళ్లాలి. మెయిల్ ఐడీ లేకపోతే అక్కడి అబ్బాయే ఒకటి తెరిచి, పాస్‌వర్డ్ తన నోటు పుస్తకంలో రాసుకుంటాడు, లేదా తన మెయిలే ఇచ్చేస్తాడు. అతను చేసేది సాయమే. కానీ ఆ పుస్తకం బల్ల మీదే తెరిచి ఉంటుంది, వెనక వరసలో నిలబడ్డవాళ్లకూ కనిపిస్తుంది. ఆ పిల్లకు మాత్రం తన ఉత్తరాల పెట్టె తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి మరో 18 నెలల గడువిచ్చారు. ఈలోగా ఏజెన్సీ మండలాల్లోని జూనియర్ కాలేజీలు ఒక్క పూట కేటాయించి, ప్రతి విద్యార్థి చేతా సొంత మెయిల్ తెరిపించి, పాస్‌వర్డ్ వాళ్లనే పెట్టుకోనివ్వాలి. ప్రవేశ పరీక్షల నోటిఫికేషన్లు వచ్చే లోపే ఆ పని చేయాలి.