దివిసీమ ఇళ్లు – శ్రమదానం, భూమి సమస్య

ప్రకృతి వైపరీత్యం ధనికుణ్ణీ పేదవాణ్ణీ ఒకే కంటితో చూస్తుందని మనవాళ్లు తరచు అంటూ వుంటారు. 1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివితాలూకాను ముంచిన ఉప్పెన చరిత్రను పరిశీలించినవారెవరూ ఈ మాటను అంగీకరించలేరు. ఆనాడు సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి నాగాయలంక, కోడూరు ప్రాంతపు పల్లెల మీద విరుచుకు పడింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వంటి ఊళ్ల పేర్లు రాష్ట్రమంతటా మారుమోగాయి. నీరు అందరి మీదికీ వచ్చిన మాట నిజమే. కాని మేడ వున్నవాడు మేడ ఎక్కాడు. మట్టిగోడల మీద తాటాకు కప్పుకొని బతుకుతున్నవాడికి ఎక్కడానికి ఏమీ లేదు.

ఆ తీరానికి ఇది కొత్త అనుభవమూ కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. ఆ రెంటి నడుమ నూట పదమూడేళ్లు గడిచాయి. కాలువల నీరు పారి దివి భూముల విలువ ఎంతో పెరిగింది. ఆ భూమిలో నాట్లు వేసి, కోతలు కోసేవాడి గుడిసె మాత్రం మారలేదు. అందువల్ల దివిసీమ విషాదానికి కారణం గాలీ నీరూ మాత్రమే అనుకోవడం చరిత్రను సగమే చదవడం అవుతుంది.

ఉప్పెన తర్వాత అక్కడికి తరలివచ్చిన స్వచ్ఛంద సేవకుల కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మొదట వాళ్లు చేయవలసి వచ్చిన పని ఇళ్లు కట్టడం కాదు, శవాలను తొలగించడం. విద్యార్థులు, రాజకీయ కార్యకర్తలు, సన్యాసులు ఆ పనికి పూనుకున్నారు. మదర్ థెరిసా వచ్చారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. దేవుణ్ణి నమ్మే మిషన్లూ, నమ్మని విజయవాడ నాస్తిక కేంద్రమూ ఆ బురదలోనే దిగి పనిచేశాయి. మానవత్వం చచ్చిపోలేదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అయితే శవాన్ని ఎత్తేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్నలు ఇల్లు కట్టేటప్పుడు లేచి నిలబడతాయి. ప్రభుత్వమూ సేవాసంస్థలూ కలిసి పక్కా ఇళ్ల కాలనీలు కట్టడానికి పూనుకున్నాయి. సేవకులు ఇటుక తేగలరు, సిమెంటు తేగలరు, తమ రెండు చేతులూ తేగలరు. స్థలం తేలేరు. దివితాలూకాలో భూమి చరిత్ర మనకు తెలియనిది కాదు. చల్లపల్లి జమీందారీ భూముల కోసం కమ్యూనిస్టుల నాయకత్వాన కూలీలు, పేదరైతులు సాగించిన పోరాటాలు ఆ గడ్డ మీదివే. 1973లో శాసనమైన భూగరిష్ఠ పరిమితి చట్టం 1975 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఉప్పెన వచ్చేనాటికి ఆ చట్టం వయస్సు మూడేళ్లయినా నిండలేదు.

ఇక జాబితా సంగతి చూద్దాం. ఇల్లు పోయిందని రాయించుకోవాలంటే ఇల్లు ఒకటి వుండినట్టు రుజువు కావాలి. ఆసామి దొడ్లో పాక వేసుకున్న పాలేరుకు ఏ ఇల్లు పోయినట్టు? కోతల కోసం పరాయి ఊరినుంచి వచ్చిన కూలీ పేరు ఏ జాబితాలో ఎక్కుతుంది? బెస్తవాడికి ఇల్లు రేవుకు దగ్గరలో వుండాలి. కూలీకి పొలానికి దగ్గరలో వుండాలి. ఖాళీగా దొరికిన చోట వరుసగా గోడలు లేపితే కాలనీ అవుతుందేమో గాని ఊరు కాదు. పోయిన వలకూ పడవకూ బదులు దొరకని బెస్తవాడు ఎంత గట్టి కప్పు కింద పడుకున్నా తెల్లవారితే అప్పుకే వెళ్లాలి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నా దృష్టి మాటల మీదికి పోతుంది. ఇల్లు ఇచ్చినవాణ్ణి దాత అంటాం. పుచ్చుకున్నవాణ్ణి ప్రభుత్వ కాగితాలు లబ్ధిదారుడు అంటాయి. 1952లో ప్రారంభమైన సమాజ వికాస పథకాల కాలంలో శ్రమదానం అనే మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. పట్నంనుంచి వచ్చిన విద్యార్థి ఒక పూట మట్టి మోస్తే అది శ్రమదానం. పుట్టింది మొదలు మట్టి మోస్తున్న కూలీ తన ఇంటికి తానే పునాది తవ్వుకుంటే దానికి మన భాషలో గౌరవమైన పేరు లేదు. కొట్టుకుపోయిన మూలపాలెం స్థానంలో స్వయంసేవకులు కట్టిన ఊరికి దీనదయాళ్‌పురం అని పేరు పెట్టారు. ఈ ధోరణి ఒక్క సంస్థకే పరిమితమైనది కాదు. దాతలు కట్టిన కాలనీకి దాతకు ఇష్టమైన పేరే పెట్టడం మన దేశంలో ఆనవాయితీ. చచ్చినవాళ్ల ఊరిపేరు కూడా చచ్చిపోవలసిందేనా అని అడిగేవారు తక్కువ.

ఆ రోజుల్లో ఈ సంగతిని సూటిగా పట్టుకున్నవాడు కవి. దివిసీమ ఉప్పెన మీద నగ్నముని రాసిన ‘కొయ్యగుర్రం’ చలనంలేని వ్యవస్థను నిలదీసింది. తర్వాత చరిత్ర కూడా ఆ ప్రశ్నకు బలమే ఇచ్చింది. 1990 మేలో మరొక తీవ్రమైన తుపాను ఆ తీరాన్నే తాకింది. ముందస్తు హెచ్చరికలు, తుపాను ఆశ్రయ భవనాలు, లక్షలమందిని సురక్షిత ప్రాంతాలకు తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యిలోపే ఆగింది. ఇది సామాన్యమైన విజయం కాదు. కాని ఇళ్లూ పంటలూ మళ్లీ పోయాయి. ఈ ప్రాంతాన్ని పరిశోధించి పీటర్ వించెస్టర్ 1992లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆస్తి, ఆదాయం, అప్పు పుట్టే దారి వున్నవారు తేరుకుంటారనీ, అవి లేనివారు తర్వాతి తుపానుకు కూడా అంతే నిస్సహాయంగా దొరికిపోతారనీ అతని వాదన సారాంశం. మన కూలీసంఘాలు అనుభవంతో తెలుసుకున్న సత్యమే ఇది.

తుపాను వచ్చినప్పుడల్లా మా కళాశాల విద్యార్థులు చందాలు పోగుచేసి తీరానికి బయలుదేరతారు. వాళ్లను వెళ్లవద్దని నేను ఏనాడూ అనలేదు, అనను. ఇటుక మోయండి. మోస్తూ మూడు సంగతులు కనుక్కోండి. ఈ స్థలానికి పట్టా వున్నదా, అందులో ఆ ఇంటి ఆడమనిషి పేరు వున్నదా? ఇల్లు కడుతున్న ఊరి కూలీకి కూలి ముడుతున్నదా? జాబితా తయారుచేసినప్పుడు ఊరి మాల మాదిగపేటల వాళ్లనూ, బెస్తపల్లె వాళ్లనూ కూర్చోబెట్టి అడిగారా? జవాబు లేదని వస్తే, ఆ రోజు తాపీ పక్కనబెట్టి వాళ్లతో కలిసి తాసిల్దారు కచేరీకి నడవడం కూడా ఇల్లు కట్టడంలో భాగమే. గోడ కట్టడానికి తెలిసిన చేతులు దివిసీమలో ఎప్పుడూ కరువు కాలేదు. కరువైంది ఆ గోడ కింది నేల మీద హక్కు.