సుడిగుండమును చూచు తీరు

బెంగాలు నాగపూరు రైల్వే కొలువులకై వచ్చి ఖర్గపూరున స్థిరపడిన తెలుగు కుటుంబములకు గోల్‌బజారు చిరపరిచితము. అట్టి యింటి ముంగిట ముగ్గు వేయు ఇల్లాలిని “ఇది దేని బొమ్మ?” యని ఎవ్వరును ప్రశ్నింపరు. చుక్కల నడుమ గీత తిరిగిన తీరే దాని యర్థము. ఆధునిక చిత్రము నెదుట మాత్రము ఆ ప్రశ్నయే ముందు పుట్టును. చూపు అంతటితో నాగిపోవును.

1925లో చిత్తూరు మండలమున జన్మించిన కృష్ణారెడ్డి, ఈ వంగదేశమునందలి శాంతినికేతనముననే నందలాల్ బోసు కడ చిత్రవిద్య నభ్యసించెను. పిదప పారిస్ నగరమున హేటర్ నడపిన ముద్రణశాలయందు కృషి చేసెను. 1963 నాటి ఆయన ముద్రాచిత్రము ‘సుడిగుండము’.

తొలిచూపునకు అందు గుర్తింపదగిన వస్తువేదియు కానరాదు. నిదానించి చూచిన, రేఖలు సుడి తిరుగుచు, రంగులు ఒకదాని ప్రక్క నొకటి నిలిచి యుండును. లోహపు రేకును ఆయన శిల్పమువలె పలులోతులకు చెక్కెడివాడు. నూనె పాలెక్కువైన సిరా పట్టిన చోట చిక్కని సిరా అంటదు. మెత్తని రోలరు లోతులను, గట్టి రోలరు మెరకలను తాకును. అందుచే ఒకే రేకుపై పలు రంగులు ఒక్కసారిగా ముద్రితములగును.

ఆయనకు 1972లో పద్మశ్రీ లభించెను. 2018లో న్యూయార్కున కన్నుమూసెను. ఆ చిత్రమున నున్నది నీటి బొమ్మ కాదు, నీటి నడక. దానిని చూచుటకు క్రొత్త కన్ను అక్కరలేదు. ముగ్గును చూచు కన్నే చాలును.