మామునూరు నుంచి గగనతల దూరమెంత?
150 కిలోమీటర్ల షరతుకు అయిదు కిలోమీటర్లే తక్కువ

మామునూరు (వరంగల్): మామునూరు విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు రోడ్డు మార్గంలో వెళితే 170 కిలోమీటర్లకు పైనే ప్రయాణించాలి. పటంపై రెండింటి నడుమ సరళరేఖ గీస్తే మాత్రం దూరం సుమారు 145 కిలోమీటర్లే. ఈ వ్యత్యాసమే ఓరుగల్లు విమానయోగానికి ఏళ్ల తరబడి ప్రధాన అవరోధంగా నిలిచింది.

నిజాం కాలం నాటిది
ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1930లో ఈ విమానాశ్రయాన్ని నిర్మించారు. కాగజ్‌నగర్ కాగితపు మిల్లు, వరంగల్ ఆజంజాహి మిల్లుల అవసరాలకు ఇది ఉపయోగపడింది. 1981 వరకు సేవలందించి ఆ తర్వాత మూతపడింది.

షరతు ఇదీ
శంషాబాద్ విమానాశ్రయ నిర్మాణానికి 2004లో కేంద్రంతో ఒప్పందం కుదిరింది. విమానాశ్రయం ప్రారంభమైన 2008 నుంచి 25 ఏళ్లపాటు, 150 కిలోమీటర్ల గగనతల దూరంలో మరో పౌర విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయరాదన్నది అందులోని నిబంధన. రోడ్డు కొలతను ప్రామాణికంగా తీసుకుంటే మామునూరు ఈ పరిధికి వెలుపలే ఉండేది. గగనతల కొలత కావడంతో సుమారు అయిదు కిలోమీటర్ల తేడాతో లోపల చిక్కుకుంది. శంషాబాద్ నిర్వాహక సంస్థ అభ్యంతరం లేదని తెలపడంతో, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరు అభివృద్ధికి అనుమతినిచ్చింది.

ఎక్కడికి ఎంత సమయం?
విమానయానంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో లెక్కిస్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. చిన్న విమానాశ్రయాల మధ్య ఎక్కువగా తిరిగే ఏటీఆర్-72 రకం విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో వెళుతుంది. పైకెగరడానికి, దిగడానికి మరో పావుగంట కలుపుకోవాలి. ఆ లెక్కన..

* రాజమహేంద్రవరం (మధురపూడి): సుమారు 250 కిలోమీటర్లు, 135 నాటికల్ మైళ్లు. సమయం దాదాపు 45 నిమిషాలు. విజయవాడ మీదుగా రైలులో అయితే 350 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి.
* తిరుపతి (రేణిగుంట): సుమారు 475 కిలోమీటర్లు, 256 నాటికల్ మైళ్లు. మామునూరుకు దాదాపు నేరుగా దక్షిణాన ఉంది. సమయం గంటా పది నిమిషాలు. రైలులో ఇది ఒక రాత్రి ప్రయాణం.
* శంషాబాద్: సుమారు 145 కిలోమీటర్లు, 78 నాటికల్ మైళ్లు. గాలిలో అరగంటే అయినా, తనిఖీలకు, నిరీక్షణకు పట్టే సమయం కలిస్తే రోడ్డు ప్రయాణంతో పోల్చితే మిగిలేది స్వల్పమే.

దీన్నిబట్టి మామునూరు వల్ల జిల్లా వాసులకు అసలు ప్రయోజనం హైదరాబాద్ ప్రయాణంలో కాక, తిరుపతి వంటి దూర ప్రాంతాల ప్రయాణంలోనే కనిపిస్తుంది.

రన్‌వే పెరిగితేనే..
పాత రన్‌వే పొడవు 1.8 కిలోమీటర్లు. ఏటీఆర్ తరహా విమానాలకు ఈ పొడవు సరిపోయినా, పెద్ద విమానాలు దిగాలంటే చాలదు. దానిని 2.8 కిలోమీటర్లకు పెంచాలన్నది ప్రతిపాదన. ఇప్పటికే ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు అవసరమని గుర్తించి, భూసేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో రూ.205 కోట్లు విడుదల చేసింది. నక్కలపల్లి, గుంటూరుపల్లి తదితర గ్రామాల రైతుల సాగుభూములు ఇందులో ఉన్నాయి. తిరుపతికి గంటా పది నిమిషాల్లో చేరే సౌకర్యం వెనుక ఆ రైతుల త్యాగం ఉంటుంది. వారికి దక్కే న్యాయమైన పరిహారం కూడా ఈ ప్రాజెక్టుకు కొలమానమే.