వండర్ బాయ్ 3: ది డ్రాగన్స్ ట్రాప్

వండర్ బాయ్ 3: ది డ్రాగన్స్ ట్రాప్ జపాన్ సంస్థ వెస్టోన్ రూపొందించిన సాహస వీడియో గేమ్. సెగా దీన్ని 1989లో మాస్టర్ సిస్టమ్‌పై విడుదల చేసింది. డ్రాగన్ శాపంతో బల్లి మనిషైన వీరుడు ఎలుక, పిరానా చేప, సింహం, డేగ రూపాలు దాలుస్తూ మానవరూపం కోసం పోరాడతాడు.

పునర్నిర్మాణం: పారిస్‌కు చెందిన లిజార్డ్‌క్యూబ్ 2017లో దీన్ని చేత్తో గీసిన బొమ్మలతో పునర్నిర్మించింది. ఒక్క బటన్‌తో పాత 8-బిట్ బొమ్మలకు మారవచ్చు. మూల గేమ్‌లోని పాస్‌వర్డ్‌లూ ఇందులో పనిచేస్తాయి.

ఆదరణ: పునర్నిర్మాణంలోని బొమ్మలు, సంగీతం ప్రశంసలు పొందాయి. మూలాన్ని చెడగొట్టలేదని పాత అభిమానులు మెచ్చుకున్నారు. దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరిపడటం, ప్రాణం పోతే ఊరి నుంచి మళ్లీ బయల్దేరాల్సి రావడం, నిడివి తక్కువ కావడం కొందరికి రుచించలేదు.